‘రిమెంబర్’ పక్కన ‘టు’ వస్తే ఒకటి, ‘ఇంగ్’ వస్తే ఇంకొకటి: పిల్లలకి ఎలా చెప్పాలి?

ప్రశ్న: ట్యూషన్ టీచర్, విజయనగరం

కోట దగ్గర సాయంత్రాలు ఇంటర్ పిల్లలకి ఇంగ్లిష్ ట్యూషన్ చెప్తాను. ‘ఐ రిమెంబర్డ్ టు లాక్ ది డోర్’, ‘ఐ రిమెంబర్ లాకింగ్ ది డోర్’ అని బోర్డు మీద రాశాను. ‘టు’ వస్తే ముందు గుర్తు, తర్వాత పని. ‘ఇంగ్’ వస్తే ముందు పని, తర్వాత గుర్తు అని గైడు పద్ధతిలోనే చెప్పాను. అందరూ బుద్ధిగా రాసుకున్నారు. గరివిడి నుంచి రైల్లో వచ్చే కుర్రాడు మాత్రం పెన్ను కింద పెట్టేసి, "రెండిట్లోనూ తాళం పడిపోయింది కద మేడమ్, ఇంక తేడా ఏటి?" అన్నాడు.

పరీక్షకి ఆ సూత్రం చాలు. వాడికి చాలదు. జెరండ్లూ ఇన్ఫినిటివ్‌లూ ఎత్తకుండా వాడి బుర్రకెక్కేలా ఎవరైనా చెప్పగలరా? పనిలో పనిగా ఈ మాటకున్న మిగతా వాడుకలు కూడా చెప్పండి.

జవాబు: బస్సు ప్రయాణికురాలు, శ్రీకాకుళం

మేడమ్, ఆ రెండు వాక్యాలకీ ‘నాట్’ తగిలించి చూపించండి. ‘ఐ డిడ్ నాట్ రిమెంబర్ టు లాక్’ అంటే తాళం వెయ్యలేదు, ఇల్లు తెరిచే ఉంది. ‘ఐ డు నాట్ రిమెంబర్ లాకింగ్’ అంటే తాళం వేసే ఉండొచ్చు, వేసినట్టు మాత్రం గుర్తు లేదు. మొదటిది తలుపు సంగతి, రెండోది నా బుర్ర సంగతి.

నేను వారం వారం విశాఖ వెళ్తాను. బస్సు రణస్థలం దాటుతుంటే గ్యాస్ కట్టానా లేదా అని టెన్షన్ మొదలు. ఎదురింటి పిన్నిగారికి ఫోన్ చేస్తే, మా తాళంచెవి వాళ్ల దగ్గరే ఉంటుంది కాబట్టి లోపలికెళ్లి చూసి, "కట్టే ఉందే తల్లీ, నువ్వెళ్లు" అంటారు. కట్టాను, కట్టిన గుర్తే లేదు. రోజూ చేసే పని కదా, నిన్న నాబ్ తిప్పిందీ ఇవాళ తిప్పిందీ కలిసిపోతాయి. మీ కుర్రాడు రోజూ రైలెక్కేవాడే, ఈ బాధ వాడికి చెప్పక్కర్లేదు.

జవాబు: రిటైర్డ్ లెక్చరర్, బొబ్బిలి

అమ్మాయి చెప్పిన కిటుకు బాగుంది. మూడో వాక్యం నేనిస్తాను. బొబ్బిలి యుద్ధం 1757లో జరిగిందని ‘ఐ రిమెంబర్’ అంటూ ఏ పిల్లాడైనా చెప్పొచ్చు. చదువుకున్నది గుర్తుంది, అంతే. అలా కాకుండా ‘ఐ రిమెంబర్ ది బొబ్బిలి వార్’ అన్నాడంటే, బాబూ నీ వయసెంత అని అడగాలి! చూసినవాడే అనాల్సిన మాట అది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస వైపు తీరం దాటింది కదా, అక్కడి పిల్లలు ‘ఐ రిమెంబర్ తిత్లీ’ అనొచ్చు. కొబ్బరిచెట్లు కూలడం కళ్లారా చూశారు. మనస్తత్వ శాస్త్రవేత్త ఎండెల్ టల్వింగ్ 1972లో జ్ఞాపకాన్ని విడదీసింది సరిగ్గా ఇక్కడే: తెలిసిన విషయం ఒకటి, అనుభవించిన ఘటన ఒకటి.

బ్రిటన్‌లో ఏటా నవంబరు 11న చేసే ‘రిమెంబ్రెన్స్’ మళ్లీ వేరు. 1918లో ముగిసిన మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడినవాళ్లు ఇప్పుడెవరూ లేరు. అది స్మరించుకోవడం.

జవాబు: ఖద్దరు ఇంటివాడు, పొందూరు

చేతి గుర్తుని వదిలేశారు. మా నానమ్మ వాలుగ చేప దవడతో పత్తి ఏకుతుంది. ఎలాగని అడిగితే చెప్పలేదు, చేసి చూపిస్తుంది. ఎవరు నేర్పారో, ఎప్పుడు నేర్చుకుందో గుర్తు లేదంటుంది. ఇంగ్లిష్‌లో ఇది ‘రిమెంబర్ హౌ టు’. అమెరికాలో హెన్రీ మోలెసన్ అనే ఆయనకి 1953లో మెదడు ఆపరేషన్ జరిగాక కొత్త సంగతులేవీ నిలిచేవి కావు. మనస్తత్వ శాస్త్రవేత్త బ్రెండా మిల్నర్ ఆయనతో అద్దంలో చూస్తూ నక్షత్రం గీయించారు. రోజురోజుకీ చెయ్యి కుదిరింది. ఆయనకి మాత్రం ప్రతిసారీ అది కొత్త పనే.

ఇంకో రెండు. ‘రిమెంబర్ మీ టు యువర్ మదర్’ అంటే మీ అమ్మగారిని అడిగానని చెప్పండి. వీలునామాలో ఎవరినైనా ‘రిమెంబర్’ చేశారంటే ఎంతో కొంత రాసిచ్చారని.

ప్రశ్న అడిగిన టీచర్:

అందరికీ థాంక్సండీ. రేపు ‘నాట్’తోనే మొదలుపెడతాను, తర్వాత మాస్టారి బొబ్బిలి వాక్యం. వీలునామా సంగతి మాత్రం ఇప్పుడే ఎత్తను. ‘రిమైండ్ మీ’ అనాల్సిన చోట ‘రిమెంబర్ మీ టుమారో’ అనే పిల్లలు, ఆస్తి రాసిమ్మన్నారా అని రోజూ ఒకళ్లనొకళ్లు ఆటపట్టించుకుంటూ కూర్చుంటారు.