మాజీ సైనికుడికి కృతజ్ఞత ఎలా చెబితే మనసుకు చేరుతుంది?

అందరికీ నమస్కారం. మా నాన్నగారు ఆర్మీలో హవల్దార్‌గా రిటైరయ్యారు, 1999 కార్గిల్ యుద్ధం అప్పుడు ద్రాస్ వైపు ఉన్నారు. ప్రతి ఆగస్టు 15కీ మా ఊరి స్కూల్లో ఆయన్ని స్టేజీ ఎక్కించి శాలువా కప్పి ఫొటోలు దిగుతారు, ఆయనేమో ఇంటికొచ్చి ఆ శాలువాని మడతపెట్టి, తెల్లరంగుతో తన పేరు, నంబరు రాసున్న పాత నల్ల ట్రంకు పెట్టెలో పెట్టేసి, ఆ రోజంతా ఎవరితోనూ సరిగా మాట్లాడరు. ఈసారి అసలు రానన్నారు. "వెనక్కి రానివాళ్లకి దక్కాల్సిన చప్పట్లు నాకెందుకమ్మా" అన్నారు.

స్కూలువాళ్లది మంచి మనసే, పిల్లల అభిమానమూ నిజమే. కానీ పింఛను కాగితాల కోసం ఒక ఆఫీసు చుట్టూ ఆయన్ని మూడుసార్లు తిప్పినప్పుడు కూర్చోమని అన్నవాళ్లు కూడా లేరు, అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే. 2020లో గల్వాన్‌లో అమరుడైన కర్నల్ సంతోష్ బాబుగారిని సూర్యాపేట తీసుకొచ్చిన రోజు మాత్రం నాన్న టీవీ ముందు లేచి నిలబడిపోయారు, అన్నం కూడా తినలేదు.

డిసెంబర్ 7న సాయుధ దళాల పతాక దినం 1949 నుంచీ జరుగుతోంది కదా, ఆ విరాళాలు అమరుల కుటుంబాలకీ మాజీ సైనికులకీ వెళ్తాయి. శాలువా, దండల డబ్బు ఆ నిధికి ఇచ్చి, నాన్నని స్టేజీ మీద కాకుండా క్లాసులో పిల్లలతో కూర్చోబెట్టి మాట్లాడించమని స్కూలువాళ్లని అడగొచ్చా, వాళ్లు నొచ్చుకుంటారా? మీలో సైన్యంలో పనిచేసినవాళ్లు, వాళ్ల ఇంట్లోవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి, జనం ఏం చేసినప్పుడు మీకు నిజంగా గౌరవంగా అనిపించింది? వచ్చేవారం లోపు స్కూలుకి జవాబు చెప్పాలి.