వాయిస్ కమాండ్‌తో ఫోన్ టార్చి: పగలు వెలుగుతోంది, రాత్రి వెలగడం లేదు. అర్జంటు

లంకగ్రామం | రాత్రి 11:48
నాలుగు గంటల నుంచి దీంతోనే కుస్తీ పడుతున్నాను. ఇక నా వల్ల కావడం లేదు. అమ్మ ఫోన్‌లో టార్చి మాటతో వెలగాలి. గూగుల్ అసిస్టెంట్‌లో రొటీన్ చేశాను. "దీపం ఆన్" అంటే వెలగాలి, "దీపం ఆఫ్" అంటే ఆరాలి. పెట్టిన రోజు పగలు పదిసార్లు చూశాను, పదిసార్లూ వెలిగింది. రాత్రి అవసరమైనప్పుడు మాత్రం వెలగదు. మొన్నా అంతే, నిన్నా అంతే. రొటీన్ తీసేసి మళ్లీ పెట్టాను. ఫోన్ రీస్టార్ట్ చేయించాను, యాప్ అప్‌డేట్ చేయించాను. వీడియోల్లో చెప్పినవన్నీ అయిపోయాయి. తెలిసినవాళ్లు ఎవరైనా చెప్పండి ప్లీజ్.

చిన్నమాట | రాత్రి 11:55
ఏ ఫోన్?

లంకగ్రామం | రాత్రి 11:57
మామూలు ఆండ్రాయిడ్ ఫోనే అండీ. పదివేల లోపుది.

మామిడితోట | రాత్రి 12:10
రొటీన్ ఎందుకండీ? ప్లే స్టోర్‌లో మాటతో వెలిగే టార్చి యాప్‌లు బోలెడున్నాయి. చప్పట్లు కొడితే వెలిగేవి కూడా ఉన్నాయి. ఒకటి వేసుకోండి, సరిపోతుంది.

తలుపుగడియ | రాత్రి 12:31
మామిడితోట గారూ, దయచేసి అలాంటి సలహా ఇవ్వకండి. టార్చి యాప్ అంటే చిన్న విషయంలా కనిపిస్తుంది. 2013లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చర్య తీసుకున్నది ఒక టార్చి యాప్ చేసిన కంపెనీ మీదే. జనం లైటు కోసం వేసుకుంటే, ఫోన్ ఎక్కడుందో ఆ వివరం ప్రకటనల వాళ్లకి వెళ్లేది. ఆండ్రాయిడ్ 5.0 నుంచి, అంటే 2014 నుంచి, టార్చి బటన్ ఫోన్‌లోనే ఉంది. 6.0 వచ్చాక యాప్‌లకి కూడా కెమెరా తెరవకుండానే టార్చి వెలిగించే వీలు వచ్చింది. కాబట్టి ఈ రోజుల్లో ఏ టార్చి యాప్ అయినా కాంటాక్ట్స్ అడిగినా, లొకేషన్ అడిగినా తీసేయండి. మాటకీ చప్పట్లకీ వెలిగే యాప్ అంటే మైక్ ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉంచాలి. ఇంట్లో పెద్దావిడ మాట్లాడుకునేవన్నీ ఎవరో తెలియని వాళ్ల యాప్ చెవిలో పడతాయి. ఈ విషయం ఎన్నిసార్లు రాసినా మన వాళ్లు పట్టించుకోవడం లేదు, అదే నా బాధ.

మామిడితోట | రాత్రి 12:38
అసిస్టెంట్ కూడా మైక్ తెరుచుకునే ఉంటుంది కదండీ. దానికి లేని అభ్యంతరం దీనికెందుకు?

తలుపుగడియ | రాత్రి 12:52
రెండూ ఒకటి కాదు. "ఓకే గూగుల్" అనే పిలుపు వరకు ఫోన్‌లోనే గుర్తుపడుతుంది. ఆ తర్వాత మాట్లాడిందే బయటికి వెళ్తుంది. ఊరూపేరూ లేని యాప్ ఏం చేస్తుందో ఎవరు చూశారు?

పదకోశం | ఉదయం 6:05
ఒక చిన్న విషయం. టార్చినే చాలామంది ఫ్లాష్ అని కూడా అంటుంటారు, రెండూ కలిపేస్తారు. ఫొటో తీసేటప్పుడు ఒక్కసారి మెరిసేది ఫ్లాష్. ఆగకుండా వెలిగేది టార్చి. బల్బు ఒకటే అయినా పని వేరు. దీనికి తెలుగులో కరదీపిక అనే చక్కని మాట ఉంది, వాడితే బాగుంటుంది.

వడ్లగింజ | ఉదయం 6:40
కరదీపిక అంటే చేతిపుస్తకం కదండీ? పరీక్షలకి చదివేవాళ్లు అలాగే అంటారు.

పదకోశం | ఉదయం 6:58
చేతిలో పట్టుకునే దీపం అనేదే అసలు అర్థం. దారి చూపిస్తుంది కాబట్టి పుస్తకానికి ఆ పేరు వచ్చింది. దివిటీ, కాగడా మంటతో వెలిగేవి, అవి ఇక్కడ కుదరవు.

వడ్లగింజ | ఉదయం 7:10
మా ఊళ్లో పెద్దవాళ్లు బ్యాటరీ లైటు అంటారు. కరదీపిక అంటే ఒక్కరికీ తెలియదు. ఫోన్‌కి కూడా తెలియదు. మాటలు దిద్దడం తర్వాత, ముందు ఆవిడకి లైటు వెలగనివ్వండి.

పదకోశం | ఉదయం 7:15
మాటలు దిద్దాలని కాదు, మంచి మాట పోకూడదని. సరే, ఇక రాయను.

మెరకపొలం | ఉదయం 7:42
అడిగిన ఆయనకి పనికొచ్చేది ఒకటి చెప్తాను. మా నాన్నగారి ఫోన్‌లో భాష తెలుగు పెట్టి "లైటు వెయ్యి" అని అలవాటు చేద్దామనుకున్నాను. తెర మీద "లైట్ 1000" అని పడేది. వెయ్యి అంటే ఫోన్‌కి అంకె! రెండు రోజులు తల పట్టుకున్నాక అది కనిపించింది. "టార్చ్ ఆన్ చెయ్యి" అని మార్చాక కుదిరింది. కాబట్టి మీరు అన్న మాట ఫోన్ ఎలా రాసుకుంటోందో ఒకసారి తెర మీద చూడండి. "దీపం"ని ఇంకేదో రాసుకుంటోందేమో. ఆర్పడానికి కూడా మన దగ్గర ఒక మాట ఉండదు. ఆపు, ఆర్పు, తీసెయ్, బంద్ చెయ్, ఎవరి అలవాటు వారిది. అమ్మగారి నోటికి వచ్చే మాటలు రెండు మూడు రొటీన్‌లో చేర్చండి.

చిన్నమాట | ఉదయం 8:03
వాయిస్ మ్యాచ్, అంటే ఫోన్ గుర్తుపట్టే గొంతు, ఎవరిది ఇచ్చారు?

లంకగ్రామం | ఉదయం 8:20
నా గొంతుతోనే అండీ. దసరాకి వెళ్లినప్పుడు నేనే పెట్టాను.

చిన్నమాట | ఉదయం 8:22
అమ్మగారి గొంతుతో మళ్లీ ఇవ్వండి.

లంకగ్రామం | ఉదయం 8:31
అయ్యో, ఆ సంగతే తట్టలేదు. పగలు చూసింది కూడా నేనే, నా గొంతుతోనే. నేను పుణెలో ఉంటాను. అమ్మ కోనసీమలో, ఊళ్లో ఒక్కతే ఉంటుంది. పక్కింటి అబ్బాయి కాలేజీ నుంచి వచ్చాక వీడియో కాల్‌లో చేయిస్తాను.

ఏటిగట్టు | ఉదయం 10:15
ఐఫోన్ అయితే ఈ బాధ లేదు. ఐఓఎస్ 18లో యాక్సెసిబిలిటీ కింద వోకల్ షార్ట్‌కట్స్ అని ఉంది. మనకి నచ్చిన మాట పెట్టుకుని మూడుసార్లు పలికితే చాలు, గుర్తుపెట్టుకుంటుంది. ముందు సిరిని పిలవక్కర్లేదు. మాట సరిగా తిరగని వాళ్లని కూడా దృష్టిలో పెట్టుకుని తెచ్చారు. షార్ట్‌కట్స్ యాప్‌లో ఫ్లాష్‌లైట్ వెలిగించే షార్ట్‌కట్ చేసి, దాన్ని ఆ మాటకి తగిలిస్తే అయిపోతుంది. మా అత్తయ్యకి అలాగే పెట్టాను.

వడ్లగింజ | ఉదయం 10:24
ఆయనది పదివేల లోపు ఆండ్రాయిడ్ అని పైన రాశారు కదండీ.

ఏటిగట్టు | ఉదయం 10:30
ఐఫోన్ ఉన్నవాళ్లు ఎవరైనా చదివితే పనికొస్తుందని రాశాను.

లంకగ్రామం | రాత్రి 9:50
అమ్మ గొంతుతో వాయిస్ మ్యాచ్ చేయించాను. సాయంత్రం అమ్మ అంటే వెలిగింది! చాలా సంతోషం వేసింది. ఎనిమిదింటికి మళ్లీ వెలగలేదు. "ఓకే గూగుల్" అంటే తెర వెలుగుతోంది, గుండ్రంగా ఏదో తిరుగుతోంది, అంతే. అమ్మకి విసుగొచ్చి "వదిలెయ్ నాన్నా, గోడ పట్టుకుని నేనే వెళ్తాలే" అంటోంది. అలా వెళ్తుందనే నా టెన్షన్ అంతా. పోయిన ఏడాది పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పట్టు తప్పింది. వాకర్ పట్టుకుని నడుస్తుంది. ఇంకో చేత్తో టార్చి పట్టుకునే వీలే లేదు.

మామిడితోట | రాత్రి 10:02
రాత్రి బ్యాటరీ సేవర్ ఆన్ అవుతోందేమో చూడండి. అది ఆన్ అయితే చాలా ఫోన్లలో పిలుపు వినడం ఆగిపోతుంది. లేదా కెమెరా తెరిచి ఉందేమో. కెమెరా వాడుతున్నప్పుడు టార్చి వెలగదు.

తలుపుగడియ | రాత్రి 10:09
పిలుపు విని తెర వెలిగిందని రాశారు కాబట్టి బ్యాటరీ సేవర్ కాదు. అసిస్టెంట్ బదులు గూగుల్ వాళ్ల ఏఐ జెమినీకి మారిపోయిందా? అసిస్టెంట్ స్థానంలో జెమినీని తెస్తామని 2025 మార్చిలోనే గూగుల్ చెప్పింది. అడగకుండా ఇలా మార్చుకుంటూ పోతే పెద్దవాళ్లకి అలవాటైన మాట ఏమైపోవాలి? ఈ విషయం మీద మనం గట్టిగా...

చిన్నమాట | రాత్రి 10:11
ఎనిమిదింటికి కరెంటు ఉందా?

లంకగ్రామం | రాత్రి 10:14
లేదండీ. కరెంటు పోయినప్పుడే కదా టార్చి కావాల్సింది.

చిన్నమాట | రాత్రి 10:15
నెట్ వైఫైతోనా, సిమ్‌తోనా?

లంకగ్రామం | రాత్రి 10:19
వైఫై. ఇంట్లో ఫైబర్ ఉంది కదా అని సిమ్‌కి కాల్స్ మాత్రం వచ్చే రీఛార్జి చేయిస్తున్నాను.

చిన్నమాట | రాత్రి 10:20
కరెంటు పోతే రూటర్ ఆరిపోతుంది. నెట్ లేదు. రొటీన్ ఉండేది గూగుల్ ఖాతాలో, ఫోన్‌లో కాదు.

మెరకపొలం | రాత్రి 10:33
ఇదే అసలు సంగతి! నేను ఇప్పుడే నా ఫోన్‌లో ఏరోప్లేన్ మోడ్ పెట్టి చూశాను. పిలిస్తే పలికింది, లైటు వెలగలేదు. నెట్ రాగానే వెలిగింది. లంకగ్రామం గారూ, కరెంటు పోయినప్పుడు అనే ముక్క మొదటే రాసి ఉంటే నిన్న రాత్రే తేలిపోయేది.

లంకగ్రామం | రాత్రి 10:40
కరెంటు ఉంటే టార్చి ఎందుకు, అందరికీ తెలిసిందే కదా అనుకున్నానండీ. ఇప్పుడు ఏం చేయాలి? డేటా ఉన్న రీఛార్జి చేయిస్తే చాలా?

విశ్రాంత లైన్‌మన్ | రాత్రి 11:05
బాబూ, ముప్పై ఏళ్లు స్తంభాల మీద గడిపినవాణ్ని, నా మాట కాస్త వినండి. గాలివానకి లైన్లు తెగిన రాత్రి టవర్ కూడా ఎంతసేపు నిలుస్తుందో చెప్పలేం. దాని బ్యాటరీ ఉన్నంతవరకే సిగ్నల్. రూటర్‌కి చిన్న యూపీఎస్ దొరుకుతుంది. చాలా రూటర్లు 12 వోల్టులవి, మీ అడాప్టర్ మీద చూసి తీసుకోండి. కానీ కేబుల్ ఆపరేటర్ దగ్గర బ్యాకప్ లేకపోతే ఇంట్లో రూటర్ వెలుగుతున్నా నెట్ రాదు. కాబట్టి ఇలాంటి దానికి నెట్ మీద ఆధారపడకూడదు.

అందరూ ఇన్వర్టర్ బల్బు పెట్టమంటారు. హాల్లోకి మంచిదే. పడకగదిలో చిక్కుంది. ఆ బల్బు స్విచ్ వేసి ఉంటేనే కరెంటు పోయినప్పుడు వెలుగుతుంది. పడుకునేటప్పుడు మనం స్విచ్ కట్టేస్తాం. ఇక అర్ధరాత్రి కరెంటు పోతే అది వెలగదు. ప్లగ్గులో ఉండి, కరెంటు పోగానే తనంతట తాను వెలిగే బ్యాటరీ నైట్ ల్యాంపు తీసుకోండి. మంచం దగ్గర ఒకటి, బాత్రూమ్ దారిలో ఒకటి. వాకర్ పట్టుకున్న మనిషికి వెలుతురు నేల మీద పడాలి, మొహం మీద కాదు. మోకాలి ఎత్తులో ఉన్న ప్లగ్గు అయితే మరీ మంచిది. గడప మీద తెల్ల టేపు కూడా అంటించండి, మసక వెలుతురులో కూడా కనిపిస్తుంది. మా ఆవిడకి తుంటి విరిగింది ఇలాంటి రాత్రే. అందుకే ఇంత చెప్తున్నాను.

మెరకపొలం | రాత్రి 11:30
లైన్‌మన్ గారు చెప్పింది తప్పకుండా చేయండి. దాంతో పాటు ఫోన్‌లోనే, నెట్ లేకుండా, అసలు మాట కూడా అక్కర్లేకుండా ఒక దారి ఉంది. అమ్మగారి ఫోన్ రాత్రి ఛార్జింగ్‌లో ఉంటుందా? ఉంటే మాక్రోడ్రాయిడ్ అనే యాప్ వేయండి. ఇది జరిగితే అది చెయ్యి అని ఫోన్‌కి చెప్పి పెట్టేదే మాక్రో. ఉచితంగా ఐదు మాక్రోలు చేసుకోవచ్చు, మీకు రెండు చాలు. మొదటిదానిలో ట్రిగ్గర్ దగ్గర పవర్ డిస్కనెక్ట్, యాక్షన్ దగ్గర టార్చ్ ఆన్ ఎంచుకోండి. కరెంటు పోయిందంటే ఛార్జర్ ఆగినట్టే, ఫోన్ దాన్ని పసిగట్టి వెంటనే టార్చి వేస్తుంది. రెండోదానిలో పవర్ రాగానే టార్చ్ ఆఫ్. పగలు ఛార్జర్ పీకినప్పుడల్లా వెలగకుండా మొదటిదాని కన్‌స్ట్రెయింట్‌లో, అంటే షరతు దగ్గర, రాత్రి 7 నుంచి ఉదయం 6 అని టైమ్ పెట్టండి.

ముఖ్యమైనది ఒకటుంది. ఫోన్ సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కి బ్యాటరీ దగ్గర అన్‌రిస్ట్రిక్టెడ్ పెట్టాలి, ఆటోస్టార్ట్ ఉంటే అదీ ఇవ్వాలి. లేకపోతే రెండు రోజుల్లో ఫోనే దాన్ని నిద్రపుచ్చేస్తుంది. ఫోన్‌ని బోర్లా పెట్టమనండి. వెనక లైటు పైకప్పు మీద పడి గదంతా వెలుతురు వస్తుంది. నడిచేటప్పుడు మెడలో పౌచ్ వేసుకుంటే లైటు వైపు బయటికి ఉండాలి, లైటు బట్టకి ఆనకుండా చూడాలి.

తలుపుగడియ | రాత్రి 11:41
ఆ యాప్‌కి ఇచ్చే అనుమతులు ఒక్కొక్కటీ చూసి ఇవ్వండి. ఈ పనికి కాంటాక్ట్స్ అక్కర్లేదు, లొకేషన్ అక్కర్లేదు, మైక్ అసలే అక్కర్లేదు.

ఏటిగట్టు | రాత్రి 11:49
మరి ఇది వాయిస్ కమాండ్ ఎలా అవుతుంది? ఆయన అడిగింది మాటతో వెలగాలని కదా. ఇది ఆటోమేషన్.

మెరకపొలం | రాత్రి 11:53
ఆవిడ నడవడానికి వెలుతురు కావాలి. ఏ పేరైతే ఏముందండీ. నెట్ ఉన్న రోజు "దీపం ఆన్" ఎలాగూ పనిచేస్తుంది, దాన్ని తీసేయమనలేదు.

పదకోశం | ఉదయం 6:10
స్వయంచాలకం అనొచ్చు.

లంకగ్రామం | మూడు రోజుల తర్వాత, రాత్రి 8:55
పక్కింటి అబ్బాయి పెట్టాడు. మొదటిరోజు వెలగలేదు, అన్‌రిస్ట్రిక్టెడ్ మర్చిపోయాడట. అది పెట్టాక మెయిన్ స్విచ్ ఆపి చూశాం, టక్కున వెలిగింది. నిన్న రాత్రి రెండున్నరకి నిజంగానే కరెంటు పోయిందట, లేచేసరికే గదిలో వెలుతురు ఉందని అమ్మ పొద్దున ఫోన్ చేసి చెప్పింది. నైట్ ల్యాంపులు రెండు ఆర్డర్ పెట్టాను, టేపు వేయిస్తాను. థాంక్స్ అందరికీ.

వడ్లగింజ | రాత్రి 9:20
మంచిది. అమ్మగారు జాగ్రత్త.

కొత్తచెరువు | రెండు వారాల తర్వాత
ఇదే పని ఐఫోన్‌లో చేయాలి. షార్ట్‌కట్స్ యాప్‌లో ఆటోమేషన్ కింద ఛార్జర్ తీసినప్పుడు అని పెట్టి, ఫ్లాష్‌లైట్ ఆన్ పెట్టాను. ఒకసారి దానంతట అదే వెలుగుతుంది, ఒకసారి వెలిగించాలా అని అడుగుతుంది. ఏటిగట్టు గారూ, మీ అత్తయ్యగారి ఫోన్‌లో ఎలా పెట్టారు?