నెట్‌లో వెతకడం, నమ్మడం బడిలో నేర్పాలా? ఫోన్ దూరం పెడితే చాలదా?

గుంటూరు_నాన్న
మావాడు పదో తరగతి. బ్రాడీపేటలో ఉంటాం. మొన్న పరీక్షలు వాయిదా పడ్డాయంటూ వాళ్ల వాట్సాప్ గ్రూపులో ఓ నోటీసు తిరిగింది. ముద్ర, సంతకం అన్నీ ఉన్నాయి. నిజమేనా అని అడిగితే క్షణాల్లో యూట్యూబ్ తెరిచి, "మూడు చోట్ల ఉంది నాన్నా" అన్నాడు. చూస్తే మూడు వీడియోల్లోనూ అదే కాగితం, మధ్యలో అదే మడత. బోర్డు వెబ్‌సైట్‌లో ఆ ఊసే లేదు. మనకి ఫోన్ వాడటం నేర్పే పిల్లలు, దొరికిన సమాచారం ఎక్కణ్నుంచి పుట్టిందో చూడాలని మాత్రం అనుకోవడం లేదు. దీన్ని బడిలో ఒక పాఠంగా చెప్పమని పేరెంట్స్ మీటింగ్‌లో అడిగాను. "ముందు ఫోన్ లాక్కోండి సార్" అన్నారు. మీరేమంటారు?

బెంజిసర్కిల్
వాళ్లు చెప్పిందే కరెక్టు. మా అమ్మాయి ఇంటర్ రెండేళ్లూ హాస్టల్లోనే ఉంది. ఫోన్ లేదు, ర్యాంకు వచ్చింది. మీరు ఇంకో సబ్జెక్టు పెట్టించారంటే దానికో గైడు, దానికో బిట్ పేపరు దిగుతాయి. ఇప్పుడున్న టెన్షన్ చాలదా? వయసొస్తే అన్నీ వాళ్లకే తెలుస్తాయి.

ఏలూరురోడ్డు
నేను ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ చెప్తాను. వయసొస్తే తెలుస్తుందన్న మాట దగ్గరే నాకు పేచీ.

అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు పన్నెండు రాష్ట్రాల విద్యార్థుల నుంచి 7,804 జవాబులు తీసుకుని 2016లో ఫలితాలు చెప్పారు. హైస్కూల్ కింది తరగతుల పిల్లల్లో 80 శాతానికి పైగా, డబ్బిచ్చి వేయించుకున్నదని పక్కనే రాసున్న ప్రకటనను కూడా వార్తే అనుకున్నారు. పుట్టినప్పటి నుంచి ఫోన్లు చూసిన పిల్లలే వాళ్లు.

మన సంగతి చెప్తాను. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడలోని సింగ్‌నగర్‌ను ముంచిన తర్వాత, తొమ్మిదో తరగతిలో ఒక ఫొటో చూపించాను. కింద "ప్రకాశం బ్యారేజీ గేటు కొట్టుకుపోయింది" అని ఉంది. "నిజమే సార్, పడవలు గుద్దాయి" అని క్లాసంతా ఒక్క గొంతుతో అరిచింది. పడవలు గుద్దిన మాట నిజమే, సెప్టెంబరు 1న కొట్టుకొచ్చి గుద్దాయి. దెబ్బతిన్నవి మాత్రం గేట్ల కౌంటర్ వెయిట్లు, అంటే గేటు ఎత్తడానికి సాయపడే బరువు దిమ్మెలు. ఫొటోలో ఏముందో చెప్పమన్నాను. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. వెనక బెంచీ అమ్మాయి లేచి, "మన బ్యారేజీ మీద బళ్లు పోతాయి కదా సార్, ఇందులో రోడ్డేది? కొండేది?" అంది. క్లాసులో గోడకున్న పెద్ద టచ్ స్క్రీన్ (ఐఎఫ్‌పీ ప్యానెల్) మీద ఆ ఫొటోతోనే వెతికించాను. తుంగభద్ర డ్యామ్ అని తేలింది. అక్కడ 2024 ఆగస్టులో నిజంగానే పందొమ్మిదో గేటు కొట్టుకుపోయింది.

ఫొటో నిజం, వరద నిజం, పడవలు నిజం. అన్నీ కలిపి కింద రాసిన ముక్క ఒక్కటే అబద్ధం. ఫోన్ లాక్కుంటే ఇది విడదీయడం వస్తుందా?

బెంజిసర్కిల్
క్లాసు బాగానే చెప్పారు మాస్టారూ, కాదనను. కానీ ఆ అమ్మాయి పట్టుకుంది కళ్లు పెట్టి చూసి. శ్రద్ధగా చూడటం, శ్రద్ధగా చదవడం వస్తే చాలు. దానికి వేరే పాఠం దేనికి? అసలు టీచర్లకే రాకపోతే పిల్లలకేం నేర్పుతారు? మా తోడల్లుడు టీచరే. పొద్దున్నే వాళ్ల స్టాఫ్ గ్రూపు నుంచి ఆయన పంపే ఫార్వర్డులు చూస్తే మీకే భయమేస్తుంది.

ఏలూరురోడ్డు
స్టాఫ్ గ్రూపుల గురించి నేనేమీ మాట్లాడను.

శ్రద్ధగా చదివితే చాలన్నారు చూడండి, దాన్నీ ఆ స్టాన్‌ఫర్డ్ వాళ్లే పరీక్షించారు. చరిత్ర ప్రొఫెసర్లను, అక్కడి విద్యార్థులను, వార్తల నిజానిజాలు తేల్చే ఫ్యాక్ట్ చెకర్లను కూర్చోబెట్టి రెండు సైట్లు చూపించి, ఏది నమ్మదగిందో చెప్పమన్నారు. రెండూ పిల్లల డాక్టర్ల సంఘాలవే, పేర్లు కూడా దగ్గరదగ్గరగా ఉంటాయి. ఒకటి 1930 నుంచి ఉన్న పెద్ద సంఘం. రెండోది 2002లో పుట్టిన చిన్న గుంపు. ప్రొఫెసర్లలో చాలామంది ఆ పేజీనే పైనుంచి కిందికి చదువుతూ కూర్చుని బోల్తాపడ్డారు. ఫ్యాక్ట్ చెకర్లు పేజీ చదవడం ఆపి, పక్కన ఇంకో ట్యాబ్ తెరిచి, ఈ సంఘం ఎవరిది, దాని గురించి బయటివాళ్లు ఏమంటున్నారని చూశారు. తొందరగా తేల్చేశారు కూడా. ఎంత చదువుకున్నా చెప్తే తప్ప రాని అలవాటు ఇది. మనం పిల్లలకు నేర్పేది దీనికి పూర్తిగా ఉల్టా: ముందున్న పేజీ వదలకు, బట్టీ కొట్టు.

మంగళగిరి_బీటెక్
నేను ఫస్టియర్. హాస్టల్ బ్యాచే. బెంజిసర్కిల్ అంకుల్, ర్యాంకు మాకూ వచ్చిందండీ. కౌన్సెలింగ్ టైముకి చేతికి కొత్త ఫోన్ ఇచ్చారు. మా రూమ్మేట్ ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్స్ అని కొడితే పైన వచ్చింది ఒక కన్సల్టెన్సీ ప్రకటన. అదే అసలు సైటనుకుని పేరు, ర్యాంకు, నాన్న నంబరు అన్నీ ఇచ్చేశాడు. ఇక "మా కాలేజీలో సీటుంది" అంటూ వాడి అమ్మానాన్నలకు రాత్రింబవళ్లు ఫోన్లే. అసలు సైటు అడ్రసేదో మాకు రెండేళ్లలో ఒక్కరూ చెప్పలేదు.

బెంజిసర్కిల్
సరే బాబూ, ఇది బోర్డు మీద ఒక్క లైను రాస్తే అయిపోయే విషయం. దీనికి ఏడాదంతా పీరియడ్లా?

తెనాలి_చదువరి
ఆ ఒక్క లైనుతో తుంగభద్ర ఫొటో తేలదు కదండీ.

కేరళలో కైట్ అనే ప్రభుత్వ సంస్థ 2022లో "సత్యమేవ జయతే" పేరుతో బడిపిల్లలకు అబద్ధపు వార్తలు పట్టుకోవడం నేర్పింది. అదే ఏడాది డిసెంబరులో మన దగ్గర ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు పంచారు. లోపల వీడియో పాఠాలు. చూడటమే, వెతకడం లేదు. మా అన్నయ్య కూతురైతే ఇప్పుడు వెతకడం కూడా మానేసింది. ప్రాజెక్టు వర్క్ ఇస్తే గూగుల్ పైన ఏఐ రాసిచ్చే నాలుగు లైన్లు దించేస్తుంది. కింద ఏ సైటూ తెరవదు. ఎవరు చెప్పారని అడిగితే "గూగుల్" అంటుంది.

గుంటూరు_నాన్న
మావాడూ అంతే. మాస్టారూ, వారానికో పీరియడ్ సరిపోతుందంటారా?

బెంజిసర్కిల్
మార్కులు, పరీక్ష, గైడు ఏవీ లేకుండా చెప్తామంటే నాకు అభ్యంతరం లేదు. అలాగైతే మీటింగ్‌లో నేనూ చెయ్యెత్తుతా.

ఏలూరురోడ్డు
వారానికొకటి ధారాళంగా సరిపోతుంది. చిక్కంతా ఆ మార్కుల దగ్గరే ఉందండీ. మార్కులు పెడితే బిట్ పేపరవుతుంది. పెట్టకపోతే సంక్రాంతి వెళ్లేసరికి ఆ పీరియడ్ లెక్కల మాస్టారు తీసేసుకుంటారు. మా బడిలో డ్రిల్లు, లైబ్రరీ పీరియడ్లు ఇప్పటికే ఆయన దగ్గరున్నాయి.