జార్జ్‌లందరినీ వరసగా చదివితే: అది జాబితానా, కాలక్షేపమా?

పేజీమడత:
మా చదువరుల బృందంలో ఈ మధ్య ఒకటే వాదన, ఎంతకీ తెమలడం లేదు. కొత్త విడతకి పుస్తకాల జాబితా కట్టాలి. ఒకావిడ, "ఈసారి జార్జ్ అన్న పేరున్నవాళ్ళనే చదువుదాం" అంది. దేశం, కాలం, విషయం ఏ పట్టింపూ లేదు, పేరొక్కటే నియమం. ఆవిడ చెప్పినవి ఇవి: జార్జ్ సాండ్ 'ఇండియానా' (1832), జార్జ్ ఎలియట్ 'సైలస్ మార్నర్' (1861), జార్జ్ గిస్సింగ్ 'న్యూ గ్రబ్ స్ట్రీట్' (1891), జార్జ్ బెర్నార్డ్ షా నాటకం 'పిగ్మేలియన్' (1913), జార్జ్ ఆర్వెల్ 'డౌన్ అండ్ అవుట్ ఇన్ పారిస్ అండ్ లండన్' (1933), జార్జ్ సాండర్స్ 'లింకన్ ఇన్ ద బార్డో' (2017).

సగం మంది భలే ఉంది అన్నారు. మిగతా సగం ఇదేం పద్ధతి అని మొహం చిట్లించారు. నాకైతే నచ్చింది. వీళ్ళలో నలుగురి జోలికి నా అంతట నేను వెళ్ళేదాన్ని కాదు. మీరేమంటారు?

నిలువుగీత:
పేరుకీ రాతకీ సంబంధం ఏమిటండీ? రేపు ఇంకొకరు లేచి నీలం అట్ట ఉన్న పుస్తకాలే చదువుదాం అంటారు. దానికీ దీనికీ తేడా చెప్పండి. నా దృష్టిలో జాబితా అన్నాక దాని వెనకాల ఒక ప్రశ్న ఉండాలి. రాతను నమ్ముకుని బతకడం ఎంత కష్టం అన్న ప్రశ్న తీసుకోండి. గిస్సింగ్ నవల పక్కన ఆర్వెల్ 'కీప్ ది ఆస్పిడిస్ట్రా ఫ్లయింగ్' (1936) పెట్టండి. ఒకటి చదివాక రెండోదాన్ని నిలదీయాలనిపిస్తుంది. అంతేగానీ సాండ్ పక్కన సాండర్స్‌ని కూర్చోబెడితే ఏం ఒరుగుతుంది?

అట్టవెనక:
గిస్సింగ్, ఆర్వెల్ ఇద్దరూ జార్జ్‌లే కదండీ! మీరు ఆలోచించి కట్టిన జత ఇక్కడ అయాచితంగా దొరికింది.

నిలువుగీత:
దొరికింది, కానీ పేరు పుణ్యమా అని కాదు. ఆర్వెల్‌కి గిస్సింగ్ అంటే చాలా ఇష్టం, 1948లో ఆయన మీద వ్యాసం కూడా రాశాడు. ఆ చుట్టరికం చదువు వల్ల వచ్చింది. గిస్సింగ్ పేరు హెన్రీ అయినా ఆర్వెల్ చదివేవాడే.

సిరాచుక్క:
అసలు సంగతి వదిలేసి కొసరు పట్టుకున్నారు మీరిద్దరూ. ఈ ఆరుగురిలో ఇంట్లోవాళ్ళు జార్జ్ అని పేరు పెట్టింది ముగ్గురికే: గిస్సింగ్, షా, సాండర్స్. అందులోనూ షాకి ఆ పేరంటే గిట్టదు, వట్టి బెర్నార్డ్ షా అనిపించుకోవడమే ఆయనకి ఇష్టం. మిగతా ముగ్గురిదీ కావాలని పెట్టుకున్న పేరు. ఆర్వెల్ అసలు పేరు ఎరిక్ బ్లెయిర్. మొదటి పుస్తకం అచ్చుకి వెళ్తున్నప్పుడు ఏజెంటుకి నాలుగు పేర్లు రాసి పంపాడు. వాటిలో కెన్నెత్ మైల్స్ ఒకటి, జార్జ్ ఆర్వెల్ ఒకటి. ఆ కెన్నెత్ మైల్సే ఖాయమై ఉంటే ఈయన మీ జాబితా గడప తొక్కేవాడే కాదు.

ఇక ఆడవాళ్ళ సంగతి చూడండి. సాండ్ అసలు పేరు ఒరోర్ దుపాఁ. 1831లో తన ప్రియుడు జూల్ సాందోతో కలిసి ఒక నవల రాసింది, దానిమీద 'జె. సాండ్' అని వేసుకున్నారు. అతని ఇంటిపేరులో సగం అది. మరుసటి ఏడాది 'ఇండియానా' తనొక్కతే రాసినప్పుడు ఆ సగం ఉంచుకుని, ముందు జార్జ్ తగిలించుకుంది. ఎలియట్ అసలు పేరు మేరీ ఆన్ ఎవాన్స్. ఆమె జార్జ్ అన్న పేరు తీసుకున్నది తనతో కలిసి బతికిన జార్జ్ హెన్రీ ల్యూయిస్ నుంచి. అంటే ఒకామె తన మనిషి ఇంటిపేరులోంచి తీసుకుంది, ఇంకొకామె తన మనిషి పేరే తీసుకుంది. ఈ రెండు పుస్తకాలూ ఒకే జాబితాలో పక్కపక్కన లేకపోతే ఈ ముచ్చట నా కంట పడేదే కాదు. అందుకని నా ఓటు పేజీమడత గారికే. పేరుకీ రాతకీ సంబంధం లేదన్న మాట జార్జ్‌ల విషయంలో మాత్రం చెల్లదు.

నిలువుగీత:
బాగా చెప్పారు. అయితే ఇది నా వాదనకే బలం. మీకు ఆసక్తి కలిగించింది 'మగపేరుతో రాసిన ఆడవాళ్ళు' అన్న ప్రశ్న. ఆ ప్రశ్నతోనే జాబితా కట్టుకోవచ్చుగా! అప్పుడు షా, సాండర్స్ తప్పుకుంటారు, ఎల్లిస్ బెల్ అని వేసుకున్న ఎమిలీ బ్రాంటీ వచ్చి చేరుతుంది.

వానాకాలంచదువు:
చిన్న అనుమానం. ఆడవాళ్ళు రాసిన నవలలకి బహుమతి ఇచ్చే విమెన్స్ ప్రైజ్ వాళ్ళు 2020లో, మగపేర్లతో వచ్చిన ఆడవాళ్ళ పుస్తకాలు కొన్నిటిని అసలు పేర్లతో మళ్ళీ వేశారు. 'మిడిల్‌మార్చ్' మీద మేరీ ఆన్ ఎవాన్స్ అని ఉంది. ఆ ప్రతి చేతికొస్తే మీ నియమం ప్రకారం ఎలియట్ ఉన్నట్టా, లేనట్టా?

సిరాచుక్క:
ఉన్నట్టే. ఆ పని మీద విమర్శలు వచ్చాయి కూడా, న్యాయంగానే వచ్చాయి అంటాను. 'ఆడమ్ బీడ్' (1859) పేరు మోగిపోయాక, రాసింది జోసెఫ్ లిగిన్స్ అనే ఆయన అన్న పుకారు గట్టిగా పాకింది. ఆ గొడవతో ఆమె ఎవరో బయటపడక తప్పలేదు. అంతకుముందే డికెన్స్ ఆమె కథలు చదివి, రాసింది ఆడమనిషే అని ఊహించి ఉత్తరం రాశాడు. ఇంత జరిగి, అందరికీ తెలిసిపోయాక కూడా ఆమె ఆఖరిదాకా జార్జ్ ఎలియట్‌గానే రాసింది. దాచుకోవడానికి పెట్టుకున్న పేరు అప్పటికి ఆమె సొంతమైపోయింది. దాన్ని కొట్టేసి ఇంకోటి వెయ్యడానికి మనమెవరం?

మూలకుర్చీ:
ఎంతసేపూ పేరు సొంతమా, అరువా అనే చూస్తున్నారు. నా అభ్యంతరం వేరే. జార్జ్ అన్న పేరు పట్టుకుంటే జాబితా ఐరోపా, అమెరికా దాటి రాదు. ఆర్వెల్ పుట్టింది మన బీహార్‌లోని మోతీహారీలో కదా అని సరిపెట్టుకోలేం. పైకి గుడ్డిగా కనిపించే నియమం నిజానికి ముందే వడకట్టేస్తోంది. మారియో అని పెట్టుకోండి, పెరూ నుంచి వర్గాస్ యోసా, ఉరుగ్వే నుంచి బెనెదెత్తి వస్తారు, 'గాడ్‌ఫాదర్' రాసిన పూజో కూడా వస్తాడు. నేనైతే ఆ జాబితాకి ఎగిరి గంతేస్తా.

అట్టవెనక:
సందర్భం కాదేమో గానీ చెప్పకుండా ఉండలేను. మొదటి పేరు కలిస్తేనే మనం ఇంత వాదించుకుంటున్నాం, విన్‌స్టన్ చర్చిల్‌లు ఇద్దరుండేవారు, ఇద్దరూ రాసేవాళ్ళే. అమెరికా చర్చిల్ నవలలు రాసేవాడు, అప్పట్లో ఆయనకే పేరెక్కువ. 1899లో ఇంగ్లండు చర్చిల్, "మిస్టర్ విన్‌స్టన్ చర్చిల్ గారికి మిస్టర్ విన్‌స్టన్ చర్చిల్ నమస్కారాలు" అన్న ధోరణిలో ఉత్తరం రాసి, ఇకమీదట తన పుస్తకాల మీద స్పెన్సర్ అని కూడా చేరుస్తానన్నాడు.

పేజీమడత:
హహ, ఇది మా వాళ్ళకి చెప్తాను. మళ్ళీ విషయానికొస్తే, ఈ వాదన ఇంత సాగింది కదా అని నేను ఈలోగా రెండు పుస్తకాలు చదివేశాను, ఎలియట్‌దీ ఆర్వెల్‌దీ. వరస కూడా పాటించలేదు.

'సైలస్ మార్నర్'లో ఆ నేతపనివాడు రాత్రిపూట తలుపు వేసుకుని బంగారు నాణేలు బయటికి తీసి, దొంతరలుగా పేర్చుకుని, వేళ్ళతో తడుముకుంటూ కూర్చుంటాడు. అవి దొంగలపాలవుతాయి. తర్వాత ఒక మంచురాత్రి పొయ్యి ముందు ఏదో పచ్చగా మెరుస్తుంది. అతనికి చూపు సరిగా ఆనదు. తన బంగారం తిరిగొచ్చిందనుకుని చెయ్యి చాపుతాడు. గట్టిగా తగలాల్సింది మెత్తగా తగులుతుంది: నిద్రపోతున్న పసిపిల్ల జుట్టు. అక్కడ పుస్తకం మూసి కాసేపు ఊరుకున్నాను.

వెంటనే ఆర్వెల్ తీశాను. రోజుకి ఆరు ఫ్రాంకులతో పారిస్‌లో ఎలా బతకాలన్న లెక్క అది. ఏది కొనాలి, ఏది మానాలి, ఏ బట్టలు తాకట్టు పెట్టాలి. తర్వాత హోటల్లో అంట్లు తోమే పని. బురదా కుళ్ళూ నిండిన వంటింటికీ, తెల్లటి గుడ్డలు పరిచిన భోజనాల గదికీ మధ్య ఒక్క తలుపే అడ్డం. ఎలియట్ చదివిన చేత్తోనే ఇది తీశాను కాబట్టి పేజీపేజీలో డబ్బు ముట్టుకున్నట్టే అనిపించింది. విడిగా చదివితే నేను పేదరికం గురించి మాత్రమే ఆలోచించేదాన్ని, నాణెం గురించి కాదు.

ఇంకోటి. 'పిగ్మేలియన్'లో పూలమ్మే ఎలైజా ఉచ్చారణ పాఠానికి ఒక షిల్లింగు ఇస్తానంటే, నేర్పాల్సిన హిగిన్స్ దాన్ని ఆమె సంపాదన ప్రకారం లెక్కగట్టి, ఒక లక్షాధికారి ఇచ్చే అరవై డెబ్భై గినీలతో సమానం అంటాడు. గిస్సింగ్‌లో రియర్డన్ అనే రచయిత మూడు సంపుటాల నవల సాగదియ్యలేక చస్తాడు, ఎందుకంటే అద్దె గ్రంథాలయాలకి మూడు సంపుటాలే కావాలి. ఆ జాబితా ఇచ్చినావిడ డబ్బు గురించి ఒక్క ముక్క అనలేదు.

నిలువుగీత:
చాలా బాగా చదివారు, అందులో సందేహం లేదు. కానీ ఆ కాలం ఐరోపా నవలలు ఏ ఆరు తీసుకున్నా అందులో డబ్బు లేకుండా ఉంటుందా? థామస్ హార్డీ పక్కన ఇంకో థామస్, థామస్ మాన్‌ని పెట్టండి. 'బుడెన్‌బ్రూక్స్' (1901) మొత్తం ఒక వ్యాపార కుటుంబం తరతరానికీ చితికిపోవడమే కదా. పోలిక కనిపెట్టింది మీ కన్ను, పేరు కాదు. పైగా సాండర్స్ సంగతి చెప్పలేదు మీరు. కొడుకు చనిపోయిన లింకన్, శ్మశానంలో దయ్యాల కబుర్లు. అందులో డబ్బెక్కడ?

పేజీమడత:
సాండర్స్ ఇమడడు, ఒప్పుకుంటాను. కానీ మీరు చెప్పినట్టు ముందే ప్రశ్న పెట్టుకుని కడితే ఇమడనిది లోపలికే రాదు. నాకు అదే ఇబ్బంది. విషయం చూసి కట్టిన జాబితాల్లో నాలుగో పుస్తకానికల్లా ఐదోది ఏమంటుందో తెలిసిపోతుంది.

మూలకుర్చీ:
ఈ మాటతో నేనూ ఏకీభవిస్తాను. అయినా మారియోని వదలను.

నిలువుగీత:
సరే, నా మాట ఇది. పేరు చూసి కట్టండి, కానీ ఆరూ అయ్యాక ఆఖరి సమావేశంలో ప్రశ్న ఏమిటో ప్రతి ఒక్కరూ చెప్పాలి. చెప్పలేకపోతే అది కాలక్షేపమే అని రాసుకోండి. ఇంకోటి, ప్రచురణ వరసలో చదవొద్దు. గిస్సింగ్‌ని ఆర్వెల్ తర్వాత పెట్టండి, శిష్యుడి నుంచి గురువు దగ్గరికి వెళ్ళినట్టు ఉంటుంది.

పేజీమడత:
వరస మార్చడానికి మా వాళ్ళని ఒప్పిస్తాను. ఆఖరి సమావేశం షరతు కూడా చెప్తాను. మొహం చిట్లించిన సగం మందికి అది బాగా నచ్చుతుంది.