నాటు సారా కేసు అప్పీలులో కనికరం చూపి శిక్ష తగ్గించమని అడగవచ్చా?

ప్రశ్న:
మా బంధువు ఒకామె భర్త పోయాక ఇల్లు గడవక, వేరొకరు కాచిన నాటు సారాను డబ్బాలో మోస్తూ ఎక్సైజ్ వారికి పట్టుబడ్డారు. కింది కోర్టు జైలుశిక్ష, జరిమానా రెండూ విధించింది. విచారణ ఏళ్ల తరబడి సాగడంతో ఇప్పుడామె వయసు అరవై దాటింది, డయాలసిస్ కూడా జరుగుతోంది. అప్పీలులో శిక్ష మాత్రమే తగ్గించమని కోరితే నేరం ఒప్పుకున్నట్టవుతుందా?

న్యాయవాది:
కాదు. తీర్పు తప్పని ముందు వాదించి, అది నిలవకపోతే శిక్షనైనా తగ్గించమని కోరడం అప్పీళ్లలో నిత్యం జరిగేదే. అయితే పేదరికం, అనారోగ్యం నోటిమాటగా చెబితే చాలదు. ఆసుపత్రి కాగితాలు, రేషన్ కార్డు, పాత కేసులేవీ లేవన్న వివరం దాఖలు చేయండి. రిమాండులో గడిపిన రోజులు శిక్షలో ఎలాగూ మినహాయింపు అవుతాయి. చట్టం కనీస శిక్ష విధించిన చోట హైకోర్టు కూడా జాలిపడి అంతకన్నా తగ్గించడానికి వీల్లేదు గానీ, 1958 నాటి ప్రొబేషన్ చట్టం 4వ సెక్షన్ కింద, మరణశిక్షగానీ యావజ్జీవంగానీ పడే అవకాశం లేని నేరాల్లో జైలుకు పంపకుండా సత్ప్రవర్తన పూచీకత్తుపై విడిచిపెట్టవచ్చు (దీన్నే ప్రొబేషన్ అంటారు), 11వ సెక్షన్ ప్రకారం అప్పీలు కోర్టుకూ ఆ అధికారం ఉంది. కల్తీ ఆహారం కేసులో కనీస శిక్ష ఉన్నా ప్రొబేషన్ ఇవ్వవచ్చని సుప్రీంకోర్టు 1972లో ఈశర్ దాస్ తీర్పులో చెప్పింది. మీ కేసు పెట్టిన సెక్షన్‌కు ప్రొబేషన్ వర్తించదని చట్టంలో ఎక్కడైనా ఉందేమో ముందు చూడాలి.

నెల్లూరు పాఠకురాలు:
దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన పోరు 1993 అక్టోబరు 1న సారా నిషేధం దాకా వెళ్లింది. ఆ జిల్లా మనిషిగా సారా కేసుల్లో కనికరం అంటే నాకు కాస్త అనుమానమే. బెల్లం ఊట పెట్టి బట్టీ నడిపేవాడు దొరకడు, డబ్బా మోసే విధవరాలు దొరుకుతుంది. కోర్టు ఆమెపై జాలి చూపుతుందని తెలిసే వాడు ఆమెను పంపుతాడు. ఆమెకు శిక్ష తగ్గాలి, నాకు అభ్యంతరం లేదు. కానీ సరుకు ఎవరిదో దర్యాప్తులో ఎందుకు తేలలేదని కూడా మీ న్యాయవాది గట్టిగా అడగాలి.

మరొకరు:
జరిమానా సంగతి మరవకండి. కేరళలో 2000లో కల్లువాతుక్కల్ కల్తీ సారా ముప్పైమందికి పైగా ప్రాణాలు తీసింది. ఆ కేసు ప్రధాన దోషికి 2022లో క్షమాభిక్ష దొరికినా, ముప్పై లక్షల పైచిలుకు జరిమానా కట్టలేక జైల్లోనే ఉండిపోతే, చివరకు అది కట్టకుండానే విడుదల చేయమని సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. అంత ఘోరంతో మీ బంధువు కేసును పోల్చడం లేదు. జరిమానా కట్టకపోతే అనుభవించాల్సిన అదనపు జైలును కూడా తగ్గించమని అప్పీలు అభ్యర్థనలో విడిగా రాయించండి.