డాల్ఫిన్ నోస్ కింది బండల మీద ఏమైనా బతుకుతుందా? పిల్లవాడికి చూపించడం ఎలా?

ఓరుగల్లు వాసి (ప్రశ్న):

మేము వరంగల్ నుంచి విశాఖ వచ్చి ఎనిమిది నెలలైంది. మా అబ్బాయికి తొమ్మిదేళ్ళు. అంతవరకూ చెరువులు తప్ప చూడని పిల్లవాడు, ఇప్పుడు సెలవు వస్తే సముద్రం దగ్గరికే పదమంటాడు. మొన్న యారాడ వెళ్తూ ఘాట్ రోడ్డు మీద ఆగాం. డాల్ఫిన్ నోస్ అనే ఆ కొండ సముద్రంలోకి చొచ్చుకుపోయిన చోట కింద నల్లటి బండలు, వాటి మీద కెరటాలు పగిలి నురగ లేస్తోంది. "నాన్నా, అన్ని దెబ్బలు తినే ఆ రాళ్ళ మీద ఏదైనా బతుకుతుందా?" అని అడిగాడు. నాకు జవాబు తెలియలేదు.

ఇంకో సంగతీ చెప్పాలి. పోయిన నెల రుషికొండ నుంచి చిన్న బకెట్ నిండా గవ్వలు, శంఖులు ఏరుకొచ్చాడు. మర్నాడు పొద్దున ఒక శంఖు వంటింట్లో నడుస్తూ కనిపించింది. లోపల పీత ఉంది. ఉప్పు కలిపిన నీళ్ళలో వేశాం. సాయంత్రానికి చచ్చిపోయింది. వాడు రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. ఇకమీదట ఏదీ చంపకుండా చూడటం నేర్పాలని ఉంది. ఆ రాళ్ళ దగ్గరికి దిగవచ్చా? ఎప్పుడు వెళ్ళాలి?

జంతుశాస్త్రం మాస్టారు:

బతుకుతాయండీ. ఊరికే బతకడం కాదు, అరచేయంత జాగా కోసం పోట్లాడుకుంటూ కిక్కిరిసి బతుకుతాయి. ముప్పై ఏళ్ళకు పైగా విద్యార్థులను ఈ తీరం బండల మీదికి తీసుకెళ్ళాను. ఇప్పటికీ అమావాస్య వస్తోందంటే నా కాళ్ళు అటే లాగుతాయి.

ముందుగా ఒక మాట. డాల్ఫిన్ నోస్ అంచున కిందికి దిగకండి. ఆ కొండలో చాలా భాగం నౌకాదళం అధీనంలో ఉంది. పైగా అక్కడ బండలు నిట్టనిలువుగా నీళ్ళలోకి దిగిపోతాయి, పిల్లలు నిలబడే చోటు కాదు. అదే జాతి రాయి, అవే ప్రాణులు తెన్నేటి పార్కు కింద, జోడుగుళ్ళపాలెం దగ్గర, రుషికొండ రాళ్ళలో నడిచి చూడగలిగినట్టు పరుచుకుని ఉంటాయి. అక్కడికి వెళ్ళండి.

అమావాస్యకో పౌర్ణమికో ఒకటి రెండు రోజులు అటూ ఇటూగా వెళ్ళాలి. ఇక్కడ రోజుకు నీళ్ళు పైకెక్కే పోట్లు రెండు, వెనక్కి తగ్గే ఆట్లు రెండు. ఆ తిథుల్లో పోటుకీ ఆటుకీ మధ్య సుమారు ఒకటిన్నర మీటరు తేడా ఉంటుంది. అష్టమి నవముల్లో వెళితే అందులో సగం కూడా ఉండదు, కిందివరస రాళ్ళు బయటపడవు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో మన తీరంలో సముద్ర మట్టమే కాస్త తగ్గి ఉంటుంది కనుక అప్పుడు మరీ మంచిది. ఆటు వేళను ఆటుపోట్ల పట్టికలో చూసుకుని, దానికి గంట ముందే రాళ్ళ దగ్గర ఉండండి.

అబ్బాయిని పైనుంచి కిందికి చూడమనండి. అన్నిటికంటే పైన, తుంపర మాత్రమే తగిలే చోట, శనగగింజంత నత్తలు పగుళ్ళలో గుంపులుగా ఉంటాయి. ఎండకు రాయి కాలిపోతున్నా అవి మూత బిగించుకుని, లోపలి తడిని దాచుకుని పోటు కోసం ఎదురుచూస్తాయి. కొంచెం కిందికి వస్తే రాయంతా తెల్లటి గరుకు బొడిపెలు. వాటిని బార్నకిల్స్ అంటారు. చూస్తే సున్నం పెళ్ళల్లా ఉంటాయి గానీ అవి రొయ్యలకూ పీతలకూ చుట్టాలు. తలను రాయికి అంటించుకుని, చుట్టూ గోడ కట్టుకుని, నీళ్ళు వచ్చినప్పుడు తలుపు తెరిచి ఈకల్లాంటి కాళ్ళను బయటికి చాపి ఆహారాన్ని లోపలికి తోసుకుంటాయి. నీళ్ళున్న గుంటలో ఉన్నవాటి ముందు నీడ పడకుండా కూర్చుంటే ఆ కాళ్ళు ఆడటం కంటికి కనిపిస్తుంది.

ఇంకా కింద పచ్చటి పాచి, రాయిని కొరికినట్టున్న గుంటల్లో ముళ్ళబంతుల్లాంటి సముద్రపు అర్చిన్లు, నీళ్ళు తీసినప్పుడు జిగట ముద్దల్లా ముడుచుకుని, ఒంటినిండా గవ్వల ముక్కలు అంటించుకున్న అనిమోన్లు అనే ప్రాణులు ఉంటాయి. గుంటలో నీళ్ళున్నచోట అవే పువ్వుల్లా విచ్చుకుంటాయి. రాళ్ళను తోలు పరిచినట్టు కప్పేసే, అనిమోన్లకు చుట్టాలైన జొయాంథిడ్లు కూడా కనిపిస్తాయి. వాటిని మాత్రం ముట్టుకోనివ్వకండి, వాటిలో కొన్నింటికి ఘోరమైన విషం ఉంటుంది, చేతికి గాయముంటే ప్రమాదం.

మీ వంటింట్లో నడిచింది సన్యాసి పీత. దాని వెనకభాగం మెత్తన. ఖాళీ శంఖు దొరికితేనే దానికి ఇల్లు. పెరిగేకొద్దీ ఇంకా పెద్ద శంఖు వెతుక్కోవాలి. అందుకే ఖాళీగా ఉన్నా శంఖును ఒడ్డునే వదలమంటాను. పైగా కొన్ని జాతుల గవ్వలు, శంఖులకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. ఏది ఏ జాతో తెలియకుండా ఏరుకోవడం తగదు.

మీ అబ్బాయి అన్నం తినలేదని చదివి నాకు నా తొలి ఏళ్ళు గుర్తొచ్చాయి. అప్పట్లో మార్కుల కోసం ఒక్కో విద్యార్థి ఇన్నేసి నమూనాలు ఫార్మలిన్ సీసాల్లో పెట్టి తేవాలి. నేనే అలా చెప్పేవాణ్ణి. ఒక ఏడాది నలభైమందితో వెళ్ళి వచ్చాక మర్నాడు ఒంటరిగా అదే బండ దగ్గరికి వెళ్ళాను. అర్చిన్ల గుంటలన్నీ ఖాళీ. ఆ తర్వాతి బ్యాచ్ నుంచి సీసాలు మాన్పించి బొమ్మలు గీయించాను. ఆలస్యంగా కళ్ళు తెరిచినందుకు ఇప్పటికీ బాధపడతాను.

రాళ్ళూ రప్పలూ:

మాస్టారు ప్రాణుల గురించి చెప్పారు, నేను వాళ్ళ ఇంటి గురించి చెబుతాను. ఆ రాయి పేరు ఖోండలైట్. ఒడిశా కొండల్లోని కోందు గిరిజనుల పేరుమీద 1902లో వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త పెట్టిన పేరు. ఒకప్పటి బురద, ఇసుక పొరలు భూమి లోతుల్లో వేడికీ ఒత్తిడికీ ఉడికి ఇలా మారాయి. అది జరిగి దాదాపు వంద కోట్ల ఏళ్ళు. భారత్, అంటార్కిటికా సుమారు 13 కోట్ల ఏళ్ళ కింద విడిపోయాయి. మన రాళ్ళ తోబుట్టువులు ఇప్పుడు అక్కడి మంచు కింద ఉన్నాయి.

అబ్బాయికి ఒక పని ఇవ్వండి. బండల్లో దానిమ్మ గింజల్లాంటి ఎర్రటి చుక్కలు వెతకమనండి. అవి గార్నెట్లు అనే ఖనిజపు గింజలు. తర్వాత ఇసుకలో కెరటం వెనక్కి వెళ్ళినచోట ఊదా ఎరుపు చారలు చూపించండి. బండల్లోంచి రాలినవే అవి. పక్కనే నల్లగా కనిపించేది ఇల్మనైట్ అనే ఇంకో ఖనిజం.

పెదజాలారిపేట ఆడపడుచు:

మాస్టారికి నమస్కారం. మా నాన్న తెప్ప మీద వేటకు వెళ్ళేవారు. ఒడ్డు కనుమరుగయ్యే దూరంలో కూడా యారాడ కొండ ముక్కు, దాని వెనక ఇంకో కొండ ఎలా కలిశాయో చూసి, ఏ చోట వల వేయాలో చెప్పేవారు. ఆ కొండ మాకు చూసే అందం మాత్రమే కాదు, దారి.

అన్నయ్యా, ఆడదాన్ని చెబుతున్నానని తీసిపారేయకండి. రాళ్ళ మీదికి దిగేముందు కనీసం పది నిమిషాలు ఒడ్డున నిలబడి సముద్రాన్ని చూడండి. గాలి లేకపోయినా, ఎక్కడో దూరాన తుపాను రేగితే ఇక్కడ పెద్ద కెరటం లేస్తుంది. చిన్నవి వరుసగా వచ్చి వచ్చి, ఒక్కటి పైదాకా ఎక్కుతుంది. అది ఏ రాయి దాకా తడిపిందో ఆ రాయి దాటి బాబును పంపకండి. సముద్రానికి వీపు పెట్టి ఫోటోలు తీసుకోకండి. నల్లటి పాచి మీద అడుగు వేయకండి. యారాడలో అయితే నీళ్ళలోకి అసలు దింపకండి, అక్కడి లాగుడు మాలాంటి వాళ్ళకే భయం.

జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఈ కొండల మధ్య ఇసుకలోకి తాబేళ్ళు రాత్రిపూట గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఒక్కొక్కటి వందకు పైగా పెడుతుంది. వలలో పడితే నాన్న "శ్రీకూర్మనాథా" అని దండం పెట్టి, వల కోసినా సరే వదిలేసేవారు. వల ఖరీదు తెలిసిన వాళ్ళకే ఆ మాట విలువ తెలుస్తుంది. టార్చి వేసుకుని వాటి వెంట పడకండి, వెలుగు చూస్తే తల్లి వెనక్కి తిరిగిపోతుంది, పిల్లలు సముద్రం వైపు కాకుండా రోడ్డు వైపు పాకుతాయి.

ఓరుగల్లు వాసి:

అందరికీ కృతజ్ఞతలు. చెల్లెమ్మా, పది నిమిషాలని చెప్పారు, మేము పావుగంట నిలబడ్డాం. నేను ఎంచుకున్న రాయిని పన్నెండో కెరటమో పదమూడోదో ముంచేసింది. ఇంకా వెనక్కి వెళ్ళి కూర్చున్నాం.

అమావాస్య మర్నాడు, మధ్యాహ్నం, జోడుగుళ్ళపాలెం. వాడు బోనం చెంబంత గుంట పక్కన నలభై నిమిషాలు కదలకుండా కూర్చున్నాడు. బార్నకిల్ కాళ్ళు చూశాడు. ఒక చిన్న చేప నీళ్ళలోంచి గెంతి తడి రాయి మీద కూర్చుని, మళ్ళీ గెంతి ఇంకో గుంటలో పడింది. నేను నమ్మలేకపోయాను. నీలంగా ఉన్న ఒక పిట్ట కాస్త దూరంలో బండ కొసన ఒంటరిగా నిలబడి ఉంది. గార్నెట్లు ఇరవై ఏడు లెక్కపెట్టాడు, ఒక్కటీ తీయలేదు. మాస్టారూ, వాడి ప్రశ్న ఇది: తలను రాయికి అంటించుకుని కదలని జీవి అసలు ఆ రాయి దగ్గరికి ఎలా వచ్చింది?

జంతుశాస్త్రం మాస్టారు:

గెంతింది బ్లెన్నీ అనే చేప, రాళ్ళ మీద తడి ఉన్నంతసేపు అది బయట ఉండగలదు. నీలం పిట్ట నీలి కొండపిట్ట అయ్యుంటుంది, చలికాలానికి ఉత్తరాది కొండల నుంచి వస్తుంది.

ఇక అసలు ప్రశ్న. బార్నకిల్ పిల్లప్పుడు ఈదుతుంది. ఆవగింజకంటే చిన్నది. కొన్ని వారాలు నీళ్ళలో తిరిగి, రెండు సన్నటి మీసాలతో రాయి మీద నడుస్తూ తనవాళ్ళు అక్కడ ముందే ఉన్నారా అని తడిమి చూస్తుంది. నచ్చకపోతే మళ్ళీ నీళ్ళలోకి వెళ్ళిపోతుంది. నచ్చితే జిగురు వదిలి తల అంటించుకుంటుంది. ఇక జన్మలో కదలదు.

వచ్చే పౌర్ణమికి నేనూ జోడుగుళ్ళపాలెం వస్తాను. నా దగ్గర పాత భూతద్దం ఉంది, అబ్బాయికి తెస్తాను. బకెట్ వద్దు, గీయడానికి పుస్తకం తెచ్చుకోమనండి.