అప్‌డేట్: పర్లాకిమిడి కొట్లో తడిసిన ఖాతా పుస్తకాలు చివరికి ఏమయ్యాయంటే

వానకి కొట్టు పైకప్పు కారి నాన్నగారి అప్పు పద్దుల పుస్తకాలు, జీఎస్టీ బిల్లులు, కొట్టు దస్తావేజు తడిసిపోయాయి, ఏం చేయాలని పోయిన నెల అడిగాను కదా. సలహా చెప్పిన అందరికీ చాలా థాంక్స్.

పని చేసింది ఫ్రీజర్ సలహా. అతుక్కున్న పేజీలు లాగకుండా, పుస్తకాలను అలాగే ప్లాస్టిక్ కవర్లలో చుట్టి, మర్నాడే తెలిసినవాళ్ల ఐస్‌క్రీమ్ కొట్టులో డీప్ ఫ్రీజర్‌లో పెట్టేశాం. దాంతో బూజు పట్టలేదు. తర్వాత బరంపురంలో ఒక పాత బైండరు గారు ఒక్కో పుస్తకమే బయటికి తీసి, పేజీల మధ్య అద్దుడు కాగితం పెట్టి, అది తడిసినప్పుడల్లా మారుస్తూ, ఫ్యాన్ గాలికే ఆరబెట్టారు. ఎండలో పెడితే కాగితం వంకర్లు పోతుందట. బాల్ పెన్‌తో రాసినవన్నీ నిలిచాయి, నాన్నగారి గుండ్రటి తెలుగు అంకెలతో సహా. జెల్ పెన్ పేజీలు మాత్రం నీలం మరకలే, అవి పోయినట్టే.

బిల్లుల గురించి పడ్డ టెన్షన్ చాలావరకు అనవసరం. సరుకు పంపినవాళ్లు రిటర్న్‌లో చూపించినవి జీఎస్టీ పోర్టల్‌లో జీఎస్‌టీఆర్-2బీలో (మనం కొన్నవాటి బిల్లుల వివరాలు అందులో కనిపిస్తాయి) ఉన్నాయి, ఒరిజినల్ కాపీలు వాళ్లనే అడిగి మళ్లీ తెప్పించాను. దస్తావేజుకి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ ఇచ్చారు. లామినేషన్ చేయించమన్నారు కొందరు, దయచేసి వద్దు, మళ్లీ ఊడదీయడం కుదరదని బైండరు గారు గట్టిగా చెప్పారు.

ఇప్పుడు పుస్తకాలు నేల మీద కాదు, ఇనప బీరువా పై అరలో ఉన్నాయి, ప్రతి పేజీకి ఫోన్‌లో ఫోటో కూడా తీశాను.